గోదాలో పెసర పైరు

అనగనగా, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలంలో, ఏటి గట్టున ఒక ఊరు. ఆ ఊరికో గోదా. అంటే మల్లులు కుస్తీ పట్టే మట్టి గుంట. ఆ మట్టిని రోజూ పారతో గుల్లచేసి, రాళ్లేరి, మజ్జిగ చిలకరించే ముసలమ్మ సుంకులవ్వ. గెలిచినవాడి మెడలో దండ వేసేవాళ్లే గానీ, వాడి వీపు పగలకుండా మట్టిని మెత్తబరిచింది ఎవరని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

ఆ గోదాలో పెరిగిన మల్లుడు ఓబులేసు. మూడేళ్లు వరసగా జాతర కుస్తీ గెలిచాడు. మొదటి ఏడు గెలిచి గంతులేశాడు. రెండో ఏడు గెలిచి నవ్వాడు. మూడో ఏడు గెలిచి ఇంటికెళ్లి ముసుగుతన్ని పడుకున్నాడు.

అప్పట్నించి గోదాలోకి దిగాలంటేనే వాడికి మనసొప్పేది కాదు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు? ఊరు ఊరంతా వాడి మీదే ఆశ పెట్టుకుంది.

పిల్లాడు నీరసించాడని పెద్దరెడ్డి చెంబెడు నెయ్యి పంపాడు. ఓబులేసు తాగాడు. లేచాడు, బస్కీలు తీశాడు. లోపల మాత్రం ఏమీ కదల్లేదు.

నెయ్యి చాల్లేదనుకుని, కుస్తీ నేర్పే వస్తాదు ఇంకో వంద దండీలు పెంచాడు. ఓబులేసు అవీ తీశాడు. లోపల మాత్రం ఏమీ కదల్లేదు.

దండీలూ చాల్లేదనుకుని ఊరివాళ్లు వాడి వాకిట్లో డప్పులు కొట్టించి "మా పులిరా!" అని అరిచారు. ఓబులేసు దండం పెట్టాడు. లోపల మాత్రం ఏమీ కదల్లేదు. పాపం, అందరూ ప్రేమతోనే చేశారు. అలిసినవాడికి ప్రేమ కూడా బరువవుతుందని వాళ్లకు తెలీదు.

సుంకులవ్వకు తెలిసింది. ఎలాగంటారా? మట్టి చదును చేసేది ఆమే కదా! ఒకప్పుడు ఓబులేసు అడుగు లోతుగా దిగేది. ఇప్పుడు కాళ్లీడ్చిన గీతలే కనబడుతున్నాయి.

వస్తాదు పొరుగూరి పెళ్లికి వెళ్లిన నాటి మధ్యాహ్నం, ఓబులేసు గోదా పక్కన కుడిచెయ్యి బండమీద ఆనించి, ఎడమచేత్తో రోకలెత్తాడు. అవ్వ పరుగున వచ్చి రోకలి పట్టుకుంది.

"ఏంది నాయనా ఈ పని?"

"చెయ్యి ఇరిగితే ఎవురూ గోదాలోకి రమ్మనరు గదవ్వా. అలిసిపోయినా అంటే మాత్రం నవ్వుతారు," అని వాడు వెక్కివెక్కి ఏడ్చాడు.

అవ్వ కొంగుతో వాడి మొహం తుడిచింది. ఇంటికెళ్లి, విత్తనానికి దాచుకున్న పెసలు తెచ్చి గోదా అంతా చల్లింది. నీళ్లు చిలకరించింది.

వస్తాదు నాలుగోనాడు తిరిగొచ్చేసరికి గోదా నిండా పచ్చటి మొలకలు. ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"ఎవురు చేసినారు ఈ పని?"

"నేనే నాయనా. పైరు మొలిచినాది. తొక్కతావా?"

వస్తాదు కాలెత్తాడు. కిందికి చూశాడు. ఎంతైనా సేద్యగాడి బిడ్డ. మొలిచిన పైరును తొక్కడానికి మనసొప్పలేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"కోతకెన్నాళ్లు?"

"రెండు నెల్లు."

ఓబులేసు మొదట కంటినిండా నిద్రపోయాడు. తర్వాత ఏట్లో గేదెల్ని తోమాడు. ఆ తర్వాత పిల్లలతో ఇసకలో పొర్లి, వాళ్లు తనను కింద పడేస్తే పకపకా నవ్వాడు. పెసరకాయ నల్లబడేవేళకు ఒకరోజు గోదా గట్టున నిలబడ్డాడు.

"అవ్వా, ఇంకా కొయ్యవా?"

"ఆ మాట నీ నోట రావాలనే నాయనా చల్లింది," అంది అవ్వ. ఆమె కళ్లు చెమర్చాయి.

ఆ ఏడు జాతరలో గెలిచాడా అంటారా? ఓడాడు! ఓడి, లేచి, ఒళ్లు దులుపుకుని, "ఆ పట్టు నాకూ నేర్పన్నా" అని తనను పడేసినవాణ్ణే అడిగాడు. తల నెరిసేదాకా కుస్తీ వదల్లేదు.

సుంకులవ్వ పోయినప్పుడు పాడె మోసింది మల్లులే. "నా చెయ్యి నాకు మిగిలిందంటే ఆమె చలవే" అని ఓబులేసు ఊరందరి ముందూ ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ ఏటిగట్టు ఊళ్లలో జాతర అవగానే గోదాలో పెసలు చల్లుతారు. మొదటి దోసెడు గింజలు అవ్వ పేరుమీద పిట్టలకు వేస్తారు. ఏడాది మధ్యలో ఏ మల్లుడి మనసైనా అలిసిందనుకోండి, నోరు విప్పి చెప్పుకోనక్కర్లేదు. గుప్పెడు పెసలు తెచ్చి వస్తాదు చేతిలో పెడతాడు. ఎందుకని వస్తాదు అడగడు.

"అవ్వ చల్లమనిందా? పో నాయనా, పోయి పండుకో," అంటాడు.