దాలి మీద మూత

రండమ్మా, రండి. గోడకి ఆనుకున్నవాళ్లు ముందుకు జరగండి, మీరు లేస్తే గోడేం పడిపోదు. చిన్నవాళ్లు నా మోకాళ్ల దగ్గరికి రండి. ఇంత అన్నం పెట్టి, ఇంత ఊపిరిచ్చి, ఈ సాయంత్రం మనల్ని ఒక్కచోట కూర్చోబెట్టిన దేవునికి స్తోత్రం. ఆమెన్ అన్నారా? అంత గట్టిగా అరవక్కర్లేదురా అబ్బాయ్, ఆయనకి చెవుడు లేదు. ఈ కథంతా దాని గురించే. చెవులు నాకిచ్చేసి వినండి.

అనగనగా కొండ పక్కన ఒక అడవి. అడవి చివర ఒక వాగు. వాగుకి ఇవతల ఒక పులి అవ్వ ఉండేది. ఆ అవ్వ రోజూ పొద్దు గుంకేవేళ ఒక్కసారి గర్జించేది. ఒక్కటంటే ఒక్కటే గర్జన. వాగు అవతల రేచుకుక్కలనే అడవికుక్కల మంద ఉండేది. అవి ఆ గర్జన విని, "అమ్మో, అవ్వ ఉంది. ఇవాళ వాగు దాటొద్దు" అనుకుని తోకలు ముడుచుకుని పడుకునేవి.

మరి పులి మాత్రం జింకల్ని తినదా అని అడగబోతున్నావు కదూ నువ్వు? తినేది. ఆకలేస్తే తినేది, కడుపు నిండితే పడుకునేది. రేచుకుక్కలు అలా కాదు. మందగా వస్తాయి, మందనే ఊడ్చుకుపోతాయి.

అవ్వకి వయసు మీదపడింది. పళ్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. చివరి కోర కూడా ఊడిపోయాక పచ్చిమాంసం చీల్చడం ఆమె వల్ల కాలేదు. తిండి లేక ఒళ్లు తూలింది, గొంతు ఎండింది. గర్జిద్దామని నోరు తెరిస్తే పిల్లికూన అరుపు వచ్చింది. అలా మూడు సాయంత్రాలు గడిచాయి.

నాలుగో రోజు పొద్దున్నే రేచుకుక్కల పెద్ద వాగు ఒడ్డున నిలబడి అరిచి చెప్పింది: "ఇవాళ పొద్దు గుంకేలోగా అవ్వ గొంతు వినపడకపోతే మేం వాగు దాటుతున్నాం! తల్లులూ, పిల్లల్ని బాగా మేపి ఉంచండి!"

చూశారా ఎంత మర్యాదో! కబురు పెట్టి మరీ వస్తున్నాయి.

ఆ మాట విని చుక్కమ్మ అనే దుప్పికి గుండె జారిపోయింది. ఆమె కూన అప్పుడే పుట్టింది. నిలబడితే నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి పోతున్నాయి. అదింకెక్కడ పరిగెడుతుంది?

సరిగ్గా ఆ పొద్దునే కోళ్లఫారం నుంచి తప్పించుకొచ్చిన టర్కీ కోడి ఒకటి కొండెక్కింది. రెక్కలున్నాయి కదా అని పైనుంచి దూకింది. తనకి ఎగరడం రాదన్న సంగతి దానికి సగం దారిలో గుర్తొచ్చింది. ఈ కథలో జంతువులన్నీ మాట్లాడతాయి కదా, టర్కీ ఎందుకు మాట్లాడలేదు అంటారేమో. మన కథలోకి వచ్చేసరికే అది మాట్లాడటం మానేసింది.

కాకులూ గద్దలూ కాళ్లు, మెడ, రెక్కలు పంచుకుపోయాయి. రొమ్ము మాత్రం మిగిలింది. బొద్దుగా, తెల్లగా, రెండు పెద్ద చెక్కలు.

"దీన్ని మెత్తగా వండితే అవ్వ తింటుంది," అంది చుక్కమ్మ. "ఎవరైనా వండండి, మీకు పుణ్యం ఉంటుంది!"

"ఎవరైనా ఏమిటి? నేనుండగా!" అంటూ ముందుకొచ్చాడు జంబన్న అనే నక్క. "నేను పట్నంలో హోటలు వెనకాల పెరిగినవాణ్ణి. అక్కడి వంటమాస్టర్లు నన్ను చూసి నేర్చుకున్నారు!"

"నిన్ను చూసి రాయి విసరడం నేర్చుకునుంటారు, మరిదీ," అంది సూదమ్మ.

సూదమ్మ అంటే ముళ్లపంది. మంచిదే. నోరే మంచిది కాదు. వీపు మీదున్న ముళ్లు చాలనట్టు నాలుక మీద కూడా నాలుగు మొలిపించుకుంది.

"నువ్వేం వండుతావు వదినా? నీకు దుంపలు తవ్వుకోవడం తప్ప ఏమొచ్చు?" అన్నాడు జంబన్న.

"పోట్లాడకండి, మీకు దండం పెడతాను," అంది చుక్కమ్మ. "రెండు చెక్కలున్నాయి. చెరొకటి వండండి. నాకు పొద్దు గుంకేలోగా అవ్వ తినడం కావాలి, అంతే."

అడవి అంచున గొర్రెలకాపరులు విడిచి వెళ్లిన పాక ఒకటి ఉంది. అందులో రెండు మట్టికుండలు, ఉప్పు, పసుపు, ఇంత మిరప్పొడి, నాలుగు ఉల్లిపాయలు, వెల్లుల్లి ఉన్నాయి. చెకుముకి రాళ్లున్నాయి. పాక ముందు మూడు రాళ్ల పొయ్యి ఉంది. పాక వెనక దాలిగుంట, పక్కనే పిడకలు, ఊక ఉన్నాయి.

దాలి అంటే తెలీదా? మీ అమ్మమ్మల్ని అడగండి. నేలలో గుంట తీసి, పిడకలు రాజేసి, పైన ఊక కప్పుతారు. మంట కనపడదు. పొగ కూడా బిడియపడుతూ వస్తుంది. పొద్దున్న పాలకుండ పెడితే సాయంత్రానికి మీగడ అరచేతి మందం కడుతుంది.

జంబన్న దాలి వైపు చూసి మూతి విరిచాడు. "మంట లేని పొయ్యి కూడా పొయ్యేనా? ఇది నిద్రపోతోంది. నీకు తగినదే, వదినా!"

ముందు సూదమ్మ ఏం చేసిందో చెబుతాను, త్వరగా అయిపోతుంది. మాంసం మీది తోలు ఊడదీయకుండా కాస్త లేపింది. ఉప్పు, పసుపు, దంచిన వెల్లుల్లి, అడవి తీగ నుంచి తెంపి నలగ్గొట్టిన మిరియాలు, తోలు కింద అంతటా పట్టించింది. ఆకు కప్పి నీడన ఉంచింది. "ఉప్పు లోపలికి నడవాలి. దానికి కాళ్లు చిన్నవి," అంది. పొద్దు బాగా పైకొచ్చాక కుండ అడుగున ఉల్లిపాయ ముక్కలు పరిచింది. వాటి మీద మాంసం, తోలు పైకి వచ్చేలా పెట్టింది. అందులో కాసిని నీళ్లు. మూత పెట్టి, మూత అంచు చుట్టూ తడిమట్టి మెత్తింది. దాలిగుంటలో పిడకలు రాజేసి, ఊక కప్పి, కుండ దించి, పక్కన కూర్చుంది.

అయిపోయింది. చెప్పానుగా.

ఇక మన మహానుభావుడి సంగతి. మొదట తోలంతా పీకి పారేశాడు. "తోలుంటే అందం ఉండదు," అన్నాడు. ఉన్న కాస్త కొవ్వూ ఆ తోలుకే ఉంటుందని ఆయనకి ఎవరు చెప్పాలి? హోటలు వెనకాల పెరిగినవాడాయె! ఉప్పు పట్టించడానికి ఓపిక లేదు. మాంసం కుండలో పడేసి, నీళ్లు పోసి, పొయ్యిలో ఎన్ని కట్టెలు పడితే అన్ని కుక్కాడు. మంట ఆకాశానికి లేచింది.

"అబ్బా! అది మంట అంటే!" అన్నాయి చుట్టూ చేరినవన్నీ. జంబన్న తోక రెండింతలు లావెక్కింది.

నెమలి వచ్చింది. "ఏమిటి బావా, ఇంత వెలుగు?"

"వాసన చూడు మరి!" అని జంబన్న మూత ఎత్తాడు. ఆవిరంతా గుప్పున నెమలి మొహాన కొట్టి పైకి పోయింది. "ఆహా!" అంది నెమలి. నెమలికి ఏం తెలుసు, పాపం? అది అందరినీ ఆహా అంటుంది, తనని కూడా అంటారని.

కోతుల గుంపు వచ్చింది. "రంగు రాలేదే, మామా?" అన్నాయి. జంబన్న మళ్లీ మూత ఎత్తాడు. పళ్లులేని ముసలావిడకి వండుతున్న సంగతి మరిచిపోయి, ఉన్న మిరప్పొడంతా గుమ్మరించాడు. "ఇప్పుడు చూడండ్రా రంగు!" కోతులు చప్పట్లు కొట్టాయి.

తర్వాత కాకి వచ్చింది. ఊరంతా చెప్పేది కాకే కదా. ఇంకేం? జంబన్న మూత తీసి చేత్తో పట్టుకుని, తన జీవితచరిత్ర మొదలుపెట్టాడు. పుట్టిన గుహ దగ్గర్నుంచి హోటలు పెంటకుప్ప దాకా చెప్పాడు. కింద మంట ఎగిరెగిరి పడుతోంది. కుండలో నీళ్లన్నీ ఇగిరిపోయాయి. ఆయన పట్నం చేరేసరికి మాంసం చెక్కలా బిగుసుకుపోయింది.

"అయిపోయింది! వదినా, నీదింకా నిద్ర లేచిందా?" అని నవ్వి, జంబన్న తన కుండ ఎత్తుకుని అవ్వ గుహకి బయల్దేరాడు. వెనకాల నెమలి, కోతులు, కాకి. పెళ్లి ఊరేగింపే అనుకోండి.

పులి అవ్వ పడుకునే నోరు తెరిచింది. ముక్క చిగుళ్ల మధ్య పెట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. అది పీచులు పీచులుగా చిగుళ్లకి గుచ్చుకుందే గానీ తెగలేదు. కారం నషాళానికంటి కళ్లు ధారకట్టాయి. మింగబోతే గొంతుకి అడ్డం పడింది. దగ్గి, దగ్గి, బయటికి ఊసింది.

"ఏరా నాయనా," అంది అవ్వ, వినీ వినపడనట్టు. "ఎవరిదిరా ఈ చెప్పు?"

ఆ తర్వాత పిల్లికూన గొంతు కూడా రాలేదు. వాగు అవతల రేచుకుక్కలు కిసకిస నవ్వాయి.

జంబన్న ఏమన్నాడో తెలుసా? "కోడి ముదురుది," అన్నాడు. "కట్టెలు పచ్చివి," అన్నాడు. చివరికి, "అసలు అవ్వకి పళ్లుంటే ఈ గొడవే లేదు!" అన్నాడు. అవును నాయనా. అవ్వకి పళ్లుంటే నువ్వూ ఉండేవాడివి కాదు.

అప్పటిదాకా ఆహా అన్న నోళ్లన్నీ దాలిగుంట దగ్గరికి పరిగెత్తాయి. పొద్దు కొండ వైపు వాలుతోంది.

"మూత తియ్యి సూదమ్మా! ఉడికిందో లేదో చూడు!"

"తియ్యను."

"అసలు నిప్పుందో లేదో! ఒక్క చప్పుడు లేదు, పొగ లేదు!" అన్నాడు జంబన్న.

"నువ్వు చేసే చప్పుడు ఇద్దరికీ సరిపోతుంది, మరిదీ."

చుక్కమ్మ ముందుకొచ్చింది. ఆమె కాళ్ల మధ్య కూన వణుకుతూ నిలబడింది. "అక్కా, నా బిడ్డని చూడు. ఒక్కసారి, సందంత తీసి చూస్తే నా ప్రాణం కుదుటపడుతుంది."

సూదమ్మకి కష్టమైంది అప్పుడే. జంబన్నని కాదనడం తేలిక. ఏడ్చే తల్లిని కాదనడం తేలిక కాదు. ఆమె గొంతు మొదటిసారి మెత్తబడింది.

"చెల్లీ, నీ ప్రాణం కుదుటపడటానికి తీశాననుకో. లోపల పోగైన వేడంతా బయటికి పోతుంది. మళ్లీ అంత వేడి పుట్టేసరికి పొద్దు గుంకిపోతుంది. నీ బిడ్డ కోసమే తియ్యను. ఇలా వచ్చి నా పక్కన కూర్చో."

చుక్కమ్మ కూర్చుంది. సూదమ్మ కుండకి వీపు పెట్టి, ముళ్లన్నీ నిక్కబొడిచింది. పెదవులు కదపకుండా దేవుణ్ణి తలుచుకుంది. జంబన్న ఊరుకున్నాడా? వెనకనుంచి మెల్లగా చెయ్యి చాపాడు మూత మీదికి. "కెవ్వ్!" అన్నాడు. ఎందుకన్నాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

పొద్దు కొండ అంచుని తాకింది. వాగులో రేచుకుక్కల పెద్ద ముందుకాలు పెట్టిన చప్పుడు అయింది.

సూదమ్మ ముక్కు ఎగబీల్చింది. లేచింది. మట్టి గీకి, మూత తీసింది. పుల్ల తీసుకుని మాంసానికి తాకించింది, గుచ్చలేదు. అది పువ్వు రేకుల్లా పొరలు పొరలుగా విడిపోయింది. అడుగున ఉల్లిపాయలు కరిగి, మాంసంలోంచి ఊరిన రసంలో కలిసి బంగారు రంగుకి తిరిగాయి.

కుండ కదలకుండా మోసుకెళ్లారు. ఈసారి ఊరేగింపు లేదు. అవ్వ కాస్త రసం నాకింది. గొంతు తడిసింది. ఒక పొర నాలుక మీద పెట్టుకుంది. నమలాల్సిన పని లేకపోయింది. ఉప్పు మధ్యదాకా పట్టింది, మిరియం వెచ్చగా తగిలింది. ఇంకో పొర. ఇంకొకటి. కుండ నాకేసి, అవ్వ ముందుకాళ్ల మీద లేచింది. వెనకకాళ్లు కూడా ఒప్పుకున్నాయి.

రేచుకుక్కలు వాగు మధ్యకి వచ్చాయి.

అవ్వ నోరు తెరిచింది.

ఆ గర్జనకి చెట్ల మీది ఎండుటాకులు రాలాయి. రేచుకుక్కలు ఒకదాని మీదొకటి పడి, నీళ్లు మింగి, వచ్చిన దారినే పోయాయి. కూన బెదిరి నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి జారి బోర్లాపడింది. చుక్కమ్మ దాన్ని నాకుతూ ఏడ్చింది, నవ్వింది.

అప్పుడు జంబన్న గొంతు సవరించుకున్నాడు. సిగ్గు పడతాడనుకున్నారా? "చూశారా!" అన్నాడు. "నా పొయ్యి సెగ తగలబట్టే ఆ దాలి అంత బాగా ఉడికించింది!"

పులి అవ్వ చాలా ప్రేమగా పిలిచింది. "జంబన్నా, ఇలా రా నాయనా. పొద్దుట్నించి పనిచేశావు, నీకెవరూ తిండి పెట్టలేదు. నీ వంట అలాగే ఉంది. తిను. అంతా నమిలి మింగాక మాట్లాడుదువు. మింగకుండా ఒక్క మాట వినపడిందా, నాకింకా కాస్త ఆకలిగానే ఉంది."

జంబన్న నమలడం మొదలుపెట్టాడు. నములుతూ చీకటి పడింది, నములుతూ తెల్లారింది. కాకి వచ్చి, "ఎలా ఉంది అన్నా నీ వంట?" అని అడిగితే, "మ్మ్. మ్మ్." అన్నాడట. ఆ అడవి అంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందరూ సూదమ్మ చుట్టూ చేరారు. "ఏం చేశావమ్మా, అంత మెత్తగా వచ్చింది?"

"ఏం చేశాను? కూర్చున్నాను," అంది సూదమ్మ. వెళ్లి దుంపలు తవ్వుకుంది.

ఇంతే కథ. లేవకండి, ఒక్క మాట. మిగతాదంతా మర్చిపోయినా సూదమ్మ ఆ మూత మీద చెయ్యి వెయ్యకుండా కూర్చున్న పని మాత్రం గుర్తుపెట్టుకోండి. రేపు మీరూ అలాగే చెయ్యండి. ఎవరికో ఒకరికి ఒక మంచి పని చెయ్యండి, అది పూర్తయ్యేదాకా ఎవరికీ మూత ఎత్తి చూపించకండి. నాక్కూడా చెప్పకండి. ఎవరికి తెలియాలో ఆయనకి తెలుస్తుంది.

నీతి: పొగడ్త కోసం మాటిమాటికీ మూత ఎత్తేవాడి పని ఎండిపోతుంది, ఓపికగా మూసి ఉంచినవాడి పనే పక్కవాడి ఆకలి తీరుస్తుంది.