చిలకల పెట్టెలో మహారాజు

ఒకానొక రాజ్యంలో ఇంట్లో మట్టికుండ ఉండటం నేరమైపోయింది.

అక్కడి రాజు పేరు విచిత్రవర్మ. ఒకనాడు ఊరేగింపులో పోతూ, తెరిచిన తలుపుల్లోంచి ఇళ్ళలోకి తొంగిచూశాడు. మసిపట్టిన కుండలు, పేడతో అలికిన వెదురు గుమ్ములు కనబడ్డాయి. ఆ గుమ్ముల్లోని గింజే తన కంచంలోకి వస్తోందన్న సంగతి మాత్రం ఆయనకు కనబడలేదు.

"ఛీ, ఎంత వికారం!" అని ముక్కు చిట్లించి, మర్నాడే చాటింపు వేయించాడు. ఇకమీదట ఉప్పయినా పప్పయినా విత్తనాలయినా రాజుగారు పంచే రంగుల పెట్టెల్లోనే దాచుకోవాలట!

పెట్టెలు అందమైనవే, కాదనడానికి లేదు. మూత మీద చిలకలు, అంచున తామరతీగ, పైన అద్దంలా మెరిసే లక్కపూత. భటులు వాటిని ఇంటింటా దించారు. కుండల్ని వీధిలో వేసి పగలగొట్టారు. గుమ్ముల్ని తగలబెట్టారు. అడ్డుపడ్డ ఆడవాళ్ళను గెంటేశారు.

రాజును నవ్వించడం కొలువులో దుగ్గన ఉద్యోగం. ఆ వేసవిలో అతనికే నవ్వు రాలేదు. తల్లి పోయాక అతన్ని పెంచిన పెద్దమ్మ గవరమ్మ ఒకనాడు పిలిచి, పెట్టె మూత తీసింది. గుప్పున ముక్కిన వాసన కొట్టింది.

"చెయ్యి పెట్టి చూడరా దుగ్గా!"

విత్తనాల వడ్లు చెమ్మగా, వేడిగా ఉన్నాయి. పచ్చిచెక్క, దాని మీద లక్క, బిగుసుకుపోయిన మూత. గాలి దూరే సందు లేదు.

"గుమ్మిలో వేపాకు వేసి దాచేదాన్ని. ఏనాడూ గింజ చెడలేదు. ఇప్పుడు చేలో ఏం చల్లమంటావు, ఈ చిలకల్నా?"

ఆమె ఆ వడ్లు గుప్పిట పట్టుకుని కొలువుకు వెళ్ళింది. రాజు గుప్పిట వంక చూడనేలేదు.

"పెట్టె పగిలిందా?"

"లేదు దొరా."

"రంగు పోయిందా?"

"లేదు దొరా, కానీ లోపల..."

"మరి నష్టమేముంది? పోవమ్మా, పో!"

కొలువంతా పకపకా నవ్వింది. గవరమ్మ ఆ వడ్లు కొంగున ముడేసుకుని తలవంచుకు వెళ్ళిపోయింది. దుగ్గనకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళు బిగబట్టి, ముఖాన నవ్వు పులుముకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఏరువాక దగ్గరపడింది. పొలానికి వెళ్ళి తొలి చాలు తమరే దున్నాలి. జనం ఉప్పుగల్లు చిలకల పెట్టెలో కులుకుతుంటే, తమరు తెరిచిన పల్లకీలో దుమ్ము కొట్టుకుంటూ వెళ్ళడమా? అదే చెక్కతో, అదే లక్కతో, మూత ఉన్న పల్లకీ చేయిస్తాను."

రాజు మీసం దువ్వాడు. "భేష్! కిటికీ పెట్టిస్తావా?"

"కిటికీ పెడితే చిలక రెక్క తెగుతుంది ప్రభూ."

"వద్దు వద్దు, తెగకూడదు!"

ఏరువాకనాడు రాజు అందులో కూర్చోగానే మూత బిగించారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. సగం దారిలో లోపలినుంచి దబదబా చప్పుడు వినిపించింది. బోయీల పెద్ద హడలిపోయాడు.

"అయ్యా, ప్రభువులు కొడుతున్నారు!"

"పెట్టె పగిలిందా?" అన్నాడు దుగ్గన.

"లేదయ్యా."

"రంగు పోయిందా?"

"లేదయ్యా, కానీ లోపల..."

"మరి నష్టమేముంది? పదండి, పొలం అదిగో!"

గట్టు మీద దించి మూత తీసేసరికి రాజు చెమటతో తడిసి ముద్దయి, నోరు తెరుచుకుని బయటపడ్డాడు. నాగళ్ళ దగ్గర నిలబడ్డ రైతులు గుడ్లప్పగించి చూశారు.

"దుగ్గనా! నీ తల తీయిస్తాను!" అని అరవబోయాడు, గొంతు పెగల్లేదు. "నీళ్ళు... ముందు నీళ్ళు!"

జనంలోంచి గవరమ్మ వచ్చి నీళ్ళందించింది. ఆయన గటగటా తాగాడు. చల్లటి నీళ్ళు. ప్రాణం లేచొచ్చింది.

"అయ్యో ప్రభూ, అది నేరం!" అన్నాడు దుగ్గన.

రాజు చేతుల్లోకి చూసుకున్నాడు. మసిపట్టిన మట్టికుండ. గడ్డివాములో దాచి కాపాడుకున్న కుండ.

దుగ్గన ముఖాన ఇప్పుడు నవ్వు లేదు.

"కాసేపు గాలాడకపోతే తమరికింత అయింది. విత్తనానికీ ఊపిరుంది ప్రభూ. వేసవంతా ఈ జనం మొత్తుకున్నారు. తమరు మూత మీది చిలకల్నే చూశారు. నా తల రేపు తీయించండి. ఈ రోజు వీళ్ళకు విత్తనాలిప్పించండి. కోట గాదెల్లో గింజ బాగానే ఉంది. తమరి పెట్టెలు ఇంకా అక్కడిదాకా చేరలేదు!"

రాజు కుండ వంక చూశాడు, పల్లకీ వంక చూశాడు, తడిసిన తన పట్టుబట్టలు చూసుకున్నాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. ఆపుకోలేక గట్టు మీదే కూలబడి నవ్వాడు.

ఆ సాయంత్రమే గాదెలు తెరిచారు. చాటింపు రద్దయింది. చిలకల పెట్టెలు గాజులకూ దువ్వెనలకూ దారపు ఉండలకూ పనికొచ్చాయి. వాటి అందం వాటికి దక్కింది. విత్తనాలు మళ్ళీ గుమ్ములెక్కాయి.

రాజు దుగ్గనకు రత్నాలు పొదిగిన పెట్టె బహూకరించి, "నీ కోపాన్ని ఇందులో దాచుకోవయ్యా!" అన్నాడు.

దుగ్గన పెట్టెను కళ్ళకద్దుకుని, మూత బిగించి చూశాడు.

"ఇందులోనా? గాలాడక చచ్చిపోతుంది ప్రభూ. మా పెద్దమ్మ గుమ్మిలో వేపాకు వేసి దాస్తాను. ఇలాంటి చాటింపు మళ్ళీ వేయిస్తే మొలకెత్తాలి కదా!"