తాడు పట్టిన చెయ్యి

మా గురువుగారు తాయారమ్మగారికి వాదన అంటే ఒళ్ళుమంట. విజయనగరంలో వారింటి వరండాలో ఆదివారం ఉదయం ఉపనిషత్తు పాఠం జరుగుతుంది. మేమెవరమైనా ప్రశ్న వేస్తే, అది సామాన్యమైనదైతే రెండు మాటల్లో తేల్చేస్తారు. మరీ తెలివితక్కువదైతే పుస్తకం మూసేస్తారు. ప్రశ్న విన్నాక లేచి చెప్పులు తొడుక్కున్నారంటే మాత్రం అడిగినవాడికి మూడిందని మాకందరికీ తెలుసు. ఆ ఆదివారం ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు. అడిగినవాడు విరించి.

విరించి పళ్ళ డాక్టరు. నలభై దాటినవాడు, బాగా చదువుకున్నవాడు, మాటకారి. ఆ మాటకారితనం నాకు మొదటినుంచీ గిట్టదు, దాచుకోవడం దేనికి? ఆసుపత్రికి తాళం వేసి, మోటారు సైకిలు మీద ఒక్కడే ఇచ్ఛాపురం నుంచి భీమిలి దాకా సముద్రం అంచునే తిరిగి వచ్చాడట. పాఠం మధ్యలో ఆ కబుర్లు ఎత్తుకున్నాడు. మేం ఈశావాస్యంలో ఒక మంత్రం దగ్గర తంటాలు పడుతుంటే ఈయనగారి జీడితోటలూ, జాతర్లూ వినాల్సి వచ్చింది.

"ఎక్కడ ఆగాలో ముందు అనుకోలేదు గురువుగారూ. డప్పు వినిపిస్తే అటు తిప్పేవాణ్ణి. నౌపడ దగ్గర ఉప్పుమడుల్లోకి గట్టు కనిపిస్తే రోడ్డు వదిలేసి దాని మీదికి దిగిపోయాను. మనసు ఎటంటే అటే. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, దేనికీ అంటుకోలేదు. మీరు ఎప్పుడూ చెప్పే అసంగం అంటే ఇదే కదండీ?"

గురువుగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "దేనికీ అంటుకోలేదా?" అన్నారు.

"లేదండీ. తాటిదిబ్బపాలెం అని ఒక బెస్తవారి ఊరుంది. బండి సరుగుడు తోట అవతల రోడ్డు మీద పెట్టి నడుచుకుంటూ ఒడ్డుకి వెళ్ళాను. ఊరంతా కలిసి పెద్దవల లాగుతున్నారు. నేనూ తాడు పట్టుకున్నాను. అరచేతులు మండిపోయాయి, భలే సరదాగా ఉంది. ఈలోగా ఉత్తరంగా పోతే పాడుబడ్డ దీపస్తంభం ఒకటి ఉందని దారిలో ఎవరో అన్నమాట గుర్తొచ్చింది. మనసు అటు లాగింది. వల ఇంకా నీళ్ళలోనే ఉంది, తాడు వదిలేసి వచ్చేశాను. ఆ క్షణం ఎంత తేలిగ్గా ఉందో మాటల్లో చెప్పలేను. మంచి టోపీ ఒకటి అక్కడి పడవ మీద మర్చిపోయాను. దాని కోసం కూడా వెనక్కి వెళ్ళలేదు చూడండి!"

"వాళ్ళతో చెప్పి వచ్చావా?"

"చెప్పడానికేముందండీ? అంతమంది లాగుతున్నారు. నా ఒక్కడి చెయ్యి లేకపోతే వల ఆగిపోతుందా?"

అప్పుడే ఆవిడ లేచి చెప్పులు తొడుక్కున్నారు. నా వైపు తిరిగి, కారు తెచ్చావా అని అడిగారు. తెచ్చానన్నాను. మిగతావాళ్ళని ఇళ్ళకి పొమ్మని, విరించిని నా పక్కన కూర్చోబెట్టి తాను వెనక కూర్చున్నారు. తాటిదిబ్బపాలెం దాకా ఆవిడ నోరు విప్పింది ఒక్కసారే. దారిలో విరించి హుషారుగా, "ఇక్కడ ఎడమకి తిప్పితే తాటితోపుల మధ్యనించి బ్రహ్మాండమైన దారి ఉందండీ" అన్నాడు. "తిన్నగా పోనీ" అన్నారావిడ నాతో. ఆ గొంతు విన్నాక అతను కూడా నోరు మూసుకున్నాడు. నాకు లోపల సంతోషం వేసిందని చెప్పడానికి నేనేమీ సిగ్గుపడను.

మేం వెళ్ళేసరికి ఒడ్డున వల లాగుతున్నారు. ఈ వల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. పడవలో వెళ్ళి సముద్రంలో వలని అర్ధచంద్రంలా దించుతారు. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఆడా మగా రెండు వరసలుగా నిలబడి, మడమలు ఇసకలో దిగేసుకుని, వెనక్కి నడుస్తూ లాగుతారు. విరించిని ముందుగా చూసినది వరస చివర నిలబడ్డ ఒక ముసలాయన. పరసయ్య అని, ఆ పడవ ఆయనదే. చూసి, తాడు వదలకుండానే, "ఓలమ్మో దానమ్మా, ఇటు సూడే" అని కేకేశాడు.

దానమ్మ చేపలు అమ్ముకునే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. ఖాళీ గంప నేల మీద పెట్టి దగ్గరికి వచ్చింది. విరించి మొహంలోకి చూసింది. అతని జబ్బ పట్టుకుని గట్టిగా నొక్కి చూసింది. ఒక్క క్షణం ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతే, ఆ తరవాత మొదలుపెట్టింది.

"బతికే ఉన్నావేటి? ఎక్కడికెల్లిపోనావు బాబూ? సెప్పక్కర్నేదా? మాటాడవేటి, నీకు నోరు నేదా? సచ్చిపోనావనుకున్నాం! నీ అమ్మకి ఏటని కబురెట్టాలి, ఎక్కడికని కబురెట్టాలి అని ఏడిసినాం!"

విరించి తెల్లబోయాడు. జరిగినదేమిటో పరసయ్య చెప్పాడు. చెయ్యి ఖాళీ లేదు గనక లాగుతూనే, మధ్యమధ్య ఆయాసం తీర్చుకుంటూ చెప్పాడు. ఆయన పక్కనే మేమూ వెనక్కి నడుస్తూ విన్నాం.

ఆ ఊళ్ళో తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంటుంది. ఊరివాడా, పైవాడా అని చూడరు. వల ఒడ్డెక్కాక చేపల్ని ఇసకలో ఎన్ని చేతులో అన్ని కుప్పలు పోస్తారు. అందరూ వచ్చి ఎవరి కుప్ప దగ్గర వాళ్ళు నిలబడేదాకా ఒక్క చేపనైనా ఎవరూ ముట్టరు. తాడు లాగినవాడు వట్టి చేతులతో పోతే గంగమ్మ మళ్ళీ వల నింపదని వాళ్ళ నమ్మకం. ఆ రోజు విరించి పేరున కూడా కుప్ప పోశారు. మనిషి లేడు. టోపీ పడవ మీద ఉంది గనక తోటలోకి వెళ్ళి ఉంటాడు, వచ్చేస్తాడని ఆగారు. రాలేదు. తోటంతా తిరిగి కేకలు వేశారు. పలకలేదు. అప్పుడు ఎవరికో అనుమానం వచ్చింది, చేతులు కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగి ఉంటాడు, పట్నంవాడు, కెరటం లాగేసి ఉంటుందని. ఇక చేపల సంగతి ఎవరికి పట్టింది? వల లాగి ఒరుసుకుపోయిన చేతులతోనే మళ్ళీ పడవ తోశారు. సముద్రం ఇంకా పోటు మీదే ఉంది. పొద్దు వాలేదాకా ఈ పెద్దమనిషి శవం కోసం కెరటాల్లో వెతికారు.

ఈయనగారు ఆ వేళప్పుడు దీపస్తంభం కింద నిలబడి ఫొటోలు తీసుకుంటూ ఉండి ఉంటారు. నాకు ఆ మెడ పట్టుకుని ఇసకలో కుక్కాలనిపించింది. గురువుగారు పక్కన ఉన్నారు గనక ఊరుకున్నాను.

"మరి చేపలు?" అని అడిగారు గురువుగారు.

"ఏం సేపలమ్మా! ఎండకి కుళ్ళిపోనాయి, మల్లీ సముద్రంలోనే పారబోసినాం" అంది దానమ్మ. ఆమె అసలు కడుపుమంట అక్కడ ఉంది. గాలివానలకి చాలా రోజులు వల వెయ్యనే లేదు. ఆ రోజు వేసినదే మొదటిది, ఆ రోజే సంత. సంతలో గోడవారన నీడపట్టున దానమ్మకొక చోటుంది. ఆమె తల్లి కూర్చున్న చోటు, ఆ తరవాత ఆమెది. గాలివానల వల్ల అప్పటికే ఆమె కొన్ని సంతలు తప్పింది. ఇంకొక్కటి తప్పితే చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని సంతవాళ్ళు ముందే చెప్పారు. ఆడవాళ్ళని సంతకి తీసుకువెళ్ళే ఆటో ఇసక దారి చివర హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ గోడవారన ఇంకెవరో కూర్చుంటున్నారు. దానమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్ముకుంటోంది. మోకాళ్ళ నొప్పుల మనిషి.

ఇంత విన్నాక ఎవడైనా తల దించుకుంటాడు. విరించి వాదనకి దిగాడు. అలవాటు అంత తొందరగా పోతుందా? "నేను వాటా అడగలేదు కదమ్మా! మీ చేపలు మీరు పంచుకుని వెళ్ళిపోవాల్సింది. నాకోసం ఆగమని నేను చెప్పానా?"

లాగుతున్న వరసంతా ఒక్కసారి తల తిప్పి అతని వైపు చూసింది. దానమ్మ ఇంకా దగ్గరికి వచ్చింది.

"అడక్కపోతే? తాడు పట్టినావా నేదా, అది సెప్పు! నిన్ను రమ్మని మేం పిలిసినామా? నువ్వే వొచ్చి సెయ్యేసినావు. సెయ్యేసినోడు యేటైపోనాడో సూడకండా మా గంపలు మేం ఎత్తుకుని ఎల్లిపోమంటావేటి? అలాటోళ్ళలాగ కనిపిస్తన్నావా మేం నీకు? నీ టోపీ సముద్రంలోకి ఇసిరీసినాను, దానికోసం ఎతక్కు!"

గురువుగారి మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఆవిడ కోపం నేను చాలాసార్లు చూశాను గాని ఈ రకం కోపం చూడలేదు. విరించి జేబులోకి చెయ్యి పోనిచ్చి పర్సు తీయబోయాడు. ఆవిడ కళ్ళెత్తి చూశారు. పర్సు లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటికిగాని మనిషిలో కదలిక రాలేదు. మొహం పాలిపోయింది. ఏమనుకున్నాడో, బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి వరస వైపు నడిచాడు. "ఈసారి చివరిదాకా ఉంటాను. వల ఒడ్డెక్కేదాకా కదలను" అన్నాడు. ఆ గొంతులో ఈసారి నటన లేదు, అది నేను కూడా ఒప్పుకుంటాను. పరసయ్య పక్కన చోటు చూసుకుని తాడు మీద చెయ్యి వేశాడు.

దానమ్మ గబగబా వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని తాడు మీదనుంచి తీసేసింది. కొట్టినట్టు కాదు. పొయ్యి దగ్గరికి పోయిన పిల్లాడి చెయ్యి లాగేసినట్టు లాగేసింది. ఆమె గొంతులో అరుపు కూడా పోయింది.

"వొద్దు బాబూ. నువ్వు సెయ్యేసినావంటే నీకోసరం మేం మల్లీ ఆగాల."

అతను వాళ్ళ మొహాలు చూశాడు. ఎవరూ ఇటు చూడడం లేదు. పరసయ్య వెనక్కి ఒక అడుగు వేశాడు, వరసంతా వేసింది, తాడు అతని ముందునుంచి జరుగుతూ పోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా ఆ ఇసకలో చాలాసేపు నిలబడ్డాడు.

గురువుగారు బూట్లు ఎక్కడున్నాయో చూసి, కాలితో అతని వైపు తోశారు.

"దానమ్మ నీకు విడుదల ఇచ్చేసింది నాయనా" అన్నారు. "ఎలా ఉంది?"