వేసవిలో గీసిన పటం

ఆ ఏడు వేసవిలో చెంగయ్యకి ఒక చిక్కొచ్చిపడింది. అతను గీసిన పటం చూసి ఒక ముసలమ్మ ఏడ్చింది.

పటం బాగోలేక ఏడ్చిందా అంటే అదీ కాదు. పులికాటు సరస్సు వారన మడుగుపాళెం అని ఒక ఊరుండేది. ఊరికి ఉత్తరాన పెద్ద మడుగు, అందులో నీళ్ళలోనే నిలబడి పెరిగే కడప చెట్ల గుంపు. ఆ మడుగును కొలిచి పటం గీసే పని సంస్థానం వాళ్ళు చెంగయ్యకి అప్పజెప్పారు. మరుసటి వేసవిలో దివానుగారు స్వయంగా వచ్చి మకాం వేసి, పటం చూసి, ఆ నేలను ఏం చెయ్యాలో తేలుస్తారు. పటం నచ్చితే చెంగయ్యకి అమీను ఉద్యోగం ఖాయం. అమీనంటే భూములు కొలిచే అధికారి. ఆ రోజుల్లో అమీను గొలుసు పట్టుకుని ఊళ్ళోకొస్తే కరణాలు కూడా లేచి నిలబడేవాళ్ళు.

మనవాడు ఇరవై రోజులు ఎండలో మాడి, బీటలువారిన ఆ నేల మీద గొలుసు ఈడ్చి, మూర తేడా లేకుండా కొలిచాడు. గట్లు, మిట్టలు, చెట్లు అన్నీ పెట్టాడు. పటం మధ్యన మాత్రం గుండ్రటి అక్షరాలతో "బంజరు" అని రాశాడు. ఆ మాట పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. చెట్లు కొట్టించి, నేల చదును చేయించి, దున్నుకునే వాళ్ళకి పంచుతారు.

ఏడ్చిన ముసలమ్మ పేరు ఆదెమ్మ. ఆ ఊరి మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్ళే.

ఏటా వానలతోపాటే గూడబాతులు, ముక్కు కింద సంచి వేలాడే ఆ పెద్ద పక్షులు, వేలకొద్దీ ఎక్కడినుంచో ఆ కడప చెట్ల మీదికి వచ్చేవి. గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసి, ఎండలు ముదిరేలోగా పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళిపోయేవి. మడుగుపాళెం వాళ్ళ లెక్కలో అవి పక్షులు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. మొదటి పక్షి దిగిన రోజున ఆడవాళ్ళు గట్టు మీద పసుపునీళ్ళు చల్లుతారు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో డప్పు మోగకూడదు. పెళ్ళయినా సరే, మేళం ఊరిబయటే ఆగిపోవాలి. పెళ్ళికొడుకు అలిగినా ఎవరూ పట్టించుకోరు.

ఆదెమ్మ పటమంతా వేలితో తడిమి చూసింది.

"మా ఆడపిల్లలేరి అబ్బయా ఇందులో?" అని అడిగింది.

చెంగయ్య నవ్వాడు. ఇప్పుడక్కడ ఈక కూడా లేదనీ, పటంలో ఉన్నది వేస్తారు గానీ లేనిది వెయ్యరనీ విడమరచి చెప్పాడు. ఆమె వాదించలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. వాదించి ఉంటే అతనికే బాగుండేది, ఎదురు చెప్పి గెలిచేవాడు. ఇప్పుడు తిన్నది ఒంటికి పట్టడం లేదు. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు పటం చుట్టచుట్టి చంకన పెట్టుకుని గురువు దగ్గరికి బయల్దేరాడు.

గురువు మదారుషా బాబా అనే ఫకీరు. ఒకప్పుడు ఆయనా అమీనే. ఇరవై ఏళ్ళు చేసి, ఒకనాడు గొలుసును కచేరీ గుమ్మానికి తగిలించి వచ్చేశాడు. అప్పట్నుంచీ ఉప్పుగాలి కొట్టే ఒక చిన్న దర్గా పక్కన పాకలో ఉంటున్నాడు. చెంగయ్యకి కొలతలు నేర్పింది ఆయనే, జపం నేర్పిందీ ఆయనే. మొదటిది బాగా వంటబట్టింది.

బాబా పాకలో గోడలనిండా పటాలుండేవి. అవేం పటాలో మీరే చూడండి. ఏ వీధిలో ఏ కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మజ్జిగ మరీ పలచగా పోస్తారో చూపించేది ఒకటి. వేపచెట్టు నీడ ఏ పూట ఎక్కడుంటుందో గీసి, చాప ఎప్పుడు ఎటు జరపాలో గుర్తులు పెట్టుకున్నది ఇంకొకటి. ఒక గుడ్డి ఫకీరు చెబుతుంటే గీసిన దారి పటం కూడా ఉంది. అందులో ఊళ్ళ పేర్లు లేవు, వాసనలే ఉన్నాయి. ఇక్కడ ఎండుచేపలు, ఇక్కడ నూనెగానుగ, ఇక్కడ కొలిమి, ఇక్కడ మల్లెతోట, ఆ తర్వాత మా ఇల్లు.

చెంగయ్యకి వాటిని చూస్తే ఒళ్ళుమంట. కొలత లేదు, ఉత్తరం ఎటో తెలీదు. ఇంత గొప్ప అమీను ఇలా అయిపోయాడేమిటా అని లోలోపల జాలిపడేవాడు. కానీ వచ్చినప్పుడల్లా ఆ గుడ్డి ఫకీరు పటం ముందు కాసేపు నిలబడకుండా ఉండలేకపోయేవాడు. ఎందుకో అతనికే తెలీదు.

బాబా పటం విప్పి చాలాసేపు చూశాడు. బాగుందన్నాడు. ఊరికే అన్న మాట కాదది, ఆయన అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. తర్వాత అడిగాడు.

"ఎప్పుడు కొలిచావు?"

"వైశాఖంలో."

"వైశాఖంలోనే ఎందుకు?"

"మీకు తెలీనిదా బాబా! నీళ్ళలో గొలుసు ఈడ్చలేం కదా. అమీనులందరూ వేసవిలోనే కొలుస్తారు."

"అవును. నేనూ ఇరవై ఏళ్ళు అలాగే కొలిచాను," అన్నాడు బాబా. "మన కచేరీలో వాన కురిసిన పటం ఒక్కటైనా చూశావా?"

బాబా ఆ సంగతి మరి ఎత్తలేదు. అరచేతంత దళసరి కాగితం ఒకటిచ్చి, నీ పటాన్ని ఇంతకి దించి రాయమన్నాడు. ఇలాంటి పనంటే చెంగయ్యకి పండగ. సాయంత్రానికల్లా చక్కగా దించేశాడు, "బంజరు" అన్న మాటతో సహా.

బాబా ఆ చిన్న పటాన్ని అందుకుని, టోపీలోంచి సూది తీసి, గట్టు గీత పొడవునా బెజ్జాలు పొడవడం మొదలుపెట్టాడు. అంత శ్రమపడి గీసింది అలా తూట్లు పడుతుంటే చెంగయ్యకి తన ఒంట్లోనే గుచ్చుతున్నట్టు అనిపించింది. బాబా దాన్ని ఇంకో కాగితం మీద పెట్టి, గుడ్డమూటతో బొగ్గుపొడి అద్దాడు. కింది కాగితం మీద మడుగు అచ్చుపడింది. ఇంకోటి పెట్టి అద్దాడు. మళ్ళీ అదే మడుగు. అలా నూటనాలుగు కాగితాలయ్యేదాకా లేవలేదు.

కట్టగట్టి చెంగయ్య చేతిలో పెట్టాడు. వారానికి రెండు కాగితాలు, సోమవారం ఒకటి, గురువారం ఒకటి. మిట్ట ఎక్కి ఎదురుగా కనబడింది చుక్కలు పెట్టాలి. నీళ్ళు ఎంతమేర ఉంటే అంతమేర నీలం పూయాలి. ఏడాది తర్వాత తీసుకురావాలి. అంతే చెప్పాడు.

చెంగయ్య మొదటి సోమవారం వెళ్ళాడు. ఏమీ లేదు. గురువారం వెళ్ళాడు. ఏమీ లేదు. మూడో వారానికి విసుగెత్తి మానేశాడు. ఉత్త కాగితాల మీద ఏం గీస్తాం, దండగ కదా అని వాటిని సంచి అడుగున పెట్టేశాడు. ఏదైనా వస్తే కబురు చెయ్యమని ఆదెమ్మతో చెప్పి, తన పనులు తను చూసుకున్నాడు.

ఆశ్వయుజంలో రెండు వానలు పడ్డాక కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆడవాళ్ళు గట్టు మీద పసుపునీళ్ళు చల్లుతున్నారు. ఇంత నీళ్ళు, ఒక చెట్టు, చెట్టు మీద ఒకే ఒక్క గూడబాతు. చెంగయ్య ఒక చుక్క పెట్టాడు. ఇందుకా ఇంత హడావిడి అనుకున్నాడు.

తర్వాతి కాగితం మీద ఆరు చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత నలభై. కార్తీకానికి పదింటికొక చుక్క పెట్టినా చోటు చాలలేదు. నీలం గట్టుదాకా వచ్చింది. చుక్కలన్నీ ఈశాన్యం మూలనుంచే దిగుతున్నాయని చెంగయ్య కనిపెట్టాడు. కనిపెట్టిన రోజున ఆపుకోలేక ఆదెమ్మ గుమ్మం దాకా పరుగెత్తి మరీ చెప్పాడు. ఆమె వింతగా చూసింది. ఆ సంగతి ఆ ఊళ్ళో తెలియనిదెవరికి!

పుష్యంలో గూళ్ళ నిండా పిల్లలు. చెంగయ్య సోమవారం, గురువారం చాలక మంగళవారం కూడా మిట్ట ఎక్కేవాడు. ఫాల్గుణంలో అవి ఒక్కొక్క గుంపే లేచి ఈశాన్యం మూలకి వెళ్ళిపోతుంటే, కాగితం మీద చుక్కలు పలచబడుతుంటే, అతను చీకటిపడేదాకా మిట్ట దిగేవాడు కాదు. ఆఖరి పక్షి వెళ్ళిన రోజున ఆదెమ్మ పక్కనే నిలబడ్డాడు.

చైత్రంలో కట్ట తీసుకుని బాబా దగ్గరికెళ్ళాడు. బాబా ఒక అంచున గట్టిగా పట్టుకుని, రెండో అంచున బొటనవేలితో కాగితాలు జరజరా వదిలాడు.

చుక్కలు కదిలాయి. చెంగయ్య కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. మడుగు ఊపిరి పీల్చినట్టు ఉబ్బింది, పక్షులు చెట్ల నిండా కిక్కిరిశాయి, అంతలోనే మూలకి లేచిపోయాయి. ఇంకోసారి చూపించమని బతిమాలాడు.

బాబా ఇంకోసారి వదిలి, తల అడ్డంగా ఊపాడు. "ఉన్నట్టున్నాయి. వచ్చినట్టు లేవే?" అన్నాడు.

నిజమే. మొదలవుతూనే పక్షులున్నాయి. బాబా మిగతా కాగితాలేవని అడిగాడు. అవి ఉత్తవి, ఏమీ లేకపోతే గీయలేదని చెంగయ్య నసుగుతూ చెప్పాడు. అవి నలభైకి పైగా ఉన్నాయి. బాబా అన్నిటినీ సంచిలోంచి తీయించి ముందు పేర్చాడు. అన్నిటికంటే పైన, సూది బెజ్జాలు పడ్డ ఆ చిన్న పటాన్ని, "బంజరు" అన్న మాటతోనే పెట్టాడు. అంచు వెంట దారంతో కుట్టి చేతికిచ్చాడు.

చెంగయ్య పాక బయటికొచ్చి వదిలి చూసుకున్నాడు. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. ఎంతకీ ఏమీ లేదు. ఇంక రావేమో అనుకుంటుండగా ఒక్క చుక్క.

వైశాఖంలో దివానుగారు మకాం వేశారు. వచ్చిన పనులు తెమిలితే చాలుననుకునే మనిషి. పెద్ద పటం పరిపించుకుని చూశారు, కొలతలు సరిగ్గా ఉన్నాయన్నారు, హుకుం రాయడానికి కలం ముంచారు. ఆదెమ్మ, ఊరి ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు.

చెంగయ్య చంకలోని కట్ట తడుముకున్నాడు. తన పటం మీద తనే ఫిర్యాదు చేసుకునే వాడికి అమీను పని ఎవరిస్తారు? నోరు మూసుకుంటే ఉద్యోగం చేతికందినట్టే. అయినా ముందుకెళ్ళి ఆ కుట్టిన కట్ట బల్ల మీద పెట్టి, ఎలా వదలాలో చూపించాడు.

దివానుగారు చిరాగ్గానే వదిలారు. సగందాకా ఏమీ కనబడక ఇదేమిటన్నట్టు చూశారు. అంతలో ఆయన బొటనవేలు నెమ్మదించింది. రెండోసారి వదిలారు. మూడోసారి గుమాస్తాని పిలిచి పక్కన నిలబెట్టుకుని వదిలారు. కలం కొనన సిరా ఎండిపోయింది.

తర్వాత వెనక్కి తిప్పి మొదటి కాగితం మీద వేలు పెట్టారు.

"ఈ బంజరు అన్నది రాసిందెవరు?"

"నేనేనండి."

"అయితే నీ పటం తప్పా?"

"తప్పు కాదండి. ఒక్కరోజుది," అన్నాడు.

దివానుగారు అతన్ని ఎగాదిగా చూశారు. ఈ ఏడు మడుగులో గొడ్డలి పడకూడదని రాయించారు. వచ్చే వేసవికి ఇలాంటిదే కొత్త కట్ట రావాలన్నారు. కట్ట రాని ఏడు పెద్ద పటం ప్రకారం నడిపిస్తానన్నారు. కొలతల్లో వంక పెట్టేది లేదు గనక అమీను పనిలో చేరమన్నారు. ఆ కట్ట మాత్రం తన దగ్గరే ఉంచుకుంటానన్నారు. దానికి చెంగయ్య, ముందు ఒక మనిషికి చూపించి తెస్తానండి అన్నాడు.

ఆదెమ్మ దివానుగారిలా కట్టను జరజరా వదలలేదు. ఒక్కొక్క కాగితమే తిప్పింది. పక్షులున్నచోట ప్రతిచుక్కా చూసింది. ఆఖరుదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి, ఉత్త కాగితాల్లో మొదటిదాని మీద అరచెయ్యి ఆనించింది.

"మనమిప్పుడు ఈడున్నాం గదా అబ్బయా," అంది. ఈసారి ఏడవలేదు.

చెంగయ్య బాబాకి జరిగిందంతా చెప్పడానికి వెళ్ళాడు. బాబా వినీ విననట్టు విని, లోపలికెళ్ళి, బొగ్గుపొడి అద్ది ఉంచిన నూటనాలుగు కొత్త కాగితాలు తెచ్చి అతని ముందు పెట్టాడు.

ఆ గురువారం ఎండ మండిపోతోంది. చెంగయ్య మిట్ట ఎక్కాడు. బీటలువారిన నేల, ఎండిన కడప చెట్లు, ఇంకేమీ లేదు. మోకాలి మీద మొదటి కాగితం పెట్టుకుని, ఏదైనా కనబడుతుందేమోనని ఈశాన్యం మూలకేసి చాలాసేపు చూశాడు. తర్వాత కలం తీశాడు. చేతి అలవాటు కొద్దీ మధ్యన "బ" అని రాయబోయి ఆగాడు.

అదే చోట, గుండ్రటి అక్షరాలతో, "ఇంకా రాలేదు" అని రాశాడు.