గంటకు చెయ్యడ్డిన అమ్మవారు

కంబాలదిన్నె ఊరికి పడమటి దిక్కున, తంగేడు పొదల నడుమ లేచిన రాతిగుట్ట మీద చెయ్యడ్డమ్మ తల్లి కొలువై ఉంది. బస్సు దిగిన భక్తులు ఊరి పాతగోడ వెంట నడిచి మెట్లదారి చేరుకోవచ్చు. ఎండవేళ మెట్లు కాలుతాయి కనుక ఉదయం గాని, పొద్దు వాలిన తరువాత గాని ఎక్కడం మేలు. గర్భాలయంలో ఉన్నది నిలువెత్తు విగ్రహం కాదు. పసుపు పూసిన చిన్న నల్లరాయి, దానికి వెండికళ్ళు. మండపంలో మాత్రం మనిషి తల ఎత్తున వేలాడే పెద్ద కంచుగంట ఉంది. తల్లికి ఈ పేరు ఆ గంట మూలంగానే వచ్చింది.

పూర్వం ఇక్కడ వెలసిన తల్లిని గుట్టమ్మ అని పిలిచేవారు. పూజ కుమ్మరివారిది. పూజారి కాలం చేయగా, బిడ్డలు లేనందున అతని భార్య ఈరక్క ఆ సేవను తన చేతికి తీసుకుంది. ఆడమనిషి పూజ చేయడమేమిటని కొందరు గొణిగారు. అందరికంటే గట్టిగా అన్నది ఆమె తోడికోడలు నాగులమ్మ. తన మగనికి దక్కవలసిన పూజ అక్క పట్టుకుపోయిందని ఆమె కోపం. ఒకే వాకిట్లో ఉంటూ ఇద్దరూ మాటలు మానుకున్నారు.

ఆ కాలంలో ఊరంతా గంట మాట మీదనే నడిచేది. నిదానంగా, తెరిపి ఇచ్చి మోగితే పూజవేళ. ఎడతెగకుండా వడిగా మోగితే నిప్పో దొంగలో వచ్చినట్టు; మగవారు కర్రలు పట్టుకొని బయటపడేవారు.

పంట ఇల్లు చేరిన తరువాతి మంగళవారం నాడు ఆడవారంతా ఉన్న నగలన్నీ పెట్టుకొని, దీపపు కుండలు నెత్తిన ఎత్తుకొని గుట్ట ఎక్కడం ఆనవాయితీ. ఊరికి గోడ ఉంది, తలుపు ఉంది. గుట్టకు ఏ కాపూ లేదు. ఈ సంగతి కనిపెట్టిన ఒక దోపిడి దండు ఆ మంగళవారం పొద్దు వాలకముందే అవతలి వాలున ఎక్కి వచ్చి, మండపం స్తంభాల చాటున పొంచి కూర్చుంది. దీపం వెలిగించడానికి వచ్చిన ఈరక్క వారి చేతికి చిక్కింది.

"గంట కొట్టవ్వా," అన్నాడు దండు నాయకుడు. "రోజూ కొట్టినట్టే నిదానంగా కొట్టు. వడి పెరిగిందంటే ఆ దెబ్బే నీకు ఆఖరు."

ఈరక్క గంట దగ్గరికి నడిచింది. కొట్టనంటే తనను చంపి వాళ్ళే కొడతారు. కొడితే ఊరి ఆడబిడ్డలు దీపాలతో సహా నడిచి వచ్చి వీళ్ళ నోట్లో పడతారు. కింద దీపాల వరుస అప్పటికే మెట్లదారి పట్టింది. ఆమె పడిపోకుండా ఎడమచేత్తో గంటను ఆనుకొని, కుడిచేత్తో దాని నాలుక పట్టి కొట్టింది. గంట మోగలేదు. చెక్కను తట్టినట్టు టక్కుమంది.

చింతపండు వేసి గంట తోమే నాళ్ళ నుంచీ ఆమె ఎరిగిన సంగతే అది. దెబ్బ తిన్న కంచు ఒళ్ళంతా సన్నగా వణుకుతుంది. ఆ వణుకే గాలిని కదిలించి మోతగా ఊరు చేరుతుంది. ఒంటి మీద చెయ్యి పడితే వణుకు అణుగుతుంది, మోత చచ్చిపోతుంది. నాయకుడు ఉన్న వైపు నుంచి తన ఎడమచెయ్యి కనబడదని ఆమె గ్రహించింది. చెయ్యి తీయలేదు. అతడు దెబ్బల వడినే గమనిస్తున్నాడు, గంట గొంతును కాదు. నిదానంగా, తెరిపి ఇచ్చి, కొడుతూనే ఉంది.

దీపాల వరుసలో ముందు నడుస్తున్నది నాగులమ్మ. ఆమె సగం దారిలో ఆగింది.

"గంట పగిలినట్టుంది," అన్నారు వెనకవారు.

"పగిలితే గరగరమంటుంది. ఇది చెయ్యి వేసి కొట్టే గంట," అంది నాగులమ్మ. "అక్కకు గంట కొట్టడం రాదని నేను కూడా అనలేను. పైన ఏదో జరుగుతోంది. దీపాలు ఆర్పి వెనక్కి నడవండి."

పైనుంచి చూస్తున్న ఈరక్కకు దీపాలు ఒక్కొక్కటే మాయమవడం కనిపించింది. నాయకుడు కూడా చూశాడు. లేచి వచ్చాడు.

"గంట ఇట్లా మోగుతుందేం?"

"మంచు పడితే కంచు గొంతు పోతుంది నాయనా."

"పక్కకు జరుగు."

అతడే నాలుక పట్టాడు. ఈరక్క చెయ్యి తీసి రెండడుగులు వెనక్కి వేసి కళ్ళు మూసుకుంది. ఇప్పుడు గంట ఖంగుమంటుందని, తన అబద్ధం బయటపడుతుందని ఆమెకు తెలుసు. గంట టక్కుమంది. అతడు ఇంకా బలంగా కొట్టాడు. అదే చప్పుడు. గంట చుట్టూ తిరిగి తడిమి చూశాడు, ఏమీ దొరకలేదు. ఆ వేళ గంట మీద ఎవరి చెయ్యి ఉందో చెప్పడానికి ఈరక్క తప్ప సాక్షి లేదు. ఆమె కూడా కళ్ళు తెరవలేదు.

ఇంతలో కింద ఊరి తలుపు మూసిన చప్పుడు, వెంటనే డప్పు మోత వినిపించాయి. మూగగంటను చూసి అప్పటికే జంకిన దండు వచ్చిన వాలునే దిగిపోయింది.

ఊరు గట్టెక్కింది గాని గంటకు గొంతు రాలేదు. ఎవరు కొట్టినా టక్కుమనడమే. కంచరిని పిలిపించి, కరిగించి మళ్ళీ పోత పోయించాలని పెద్దలు నిశ్చయించారు. కంచరి రావలసిన రోజు తెల్లవారుజామున ఈరక్కకు కలలో తల్లి కనిపించి ఇలా అంది: "నా చెయ్యి ఇంకా దాని మీదనే ఉంది. తియ్యమని నువ్వు అడగలేదు గదా."

ఈరక్క లేచి తోడికోడలి తలుపు తట్టింది. ఆనాటి గంట అదురుకు వాచిన ఎడమచెయ్యి చూపి, "కొట్టడానికి సాయం రావే," అంది. నాగులమ్మ చెంబు కింద పెట్టి వెంట నడిచింది. గంట మీద అరచెయ్యి ఆనించి ఈరక్క, "దండు పోయింది తల్లీ, ఇక చెయ్యి తియ్యి," అని వేడుకొని, తన చెయ్యి తీసింది. నాగులమ్మ కొట్టింది. గంట గుట్టంతా నిండేలా మోగింది. ఆనాటి నుంచి తల్లి చెయ్యడ్డమ్మ అయింది. ఈరక్క తరువాత పూజ నాగులమ్మ కోడళ్ళకు వచ్చింది. నేటికీ ఇక్కడ పూజ ఆడవారిదే.

ఆపదలో ఉన్న భక్తులు గంట మీద అరచెయ్యి ఆనించి ఒక్క దెబ్బ కొట్టి, తమ భయం తల్లికి చెప్పుకొని వెళతారు. ఆపద గడిచిన తరువాత మళ్ళీ వచ్చి, "చెయ్యి తియ్యమ్మా" అని వేడుకొని, రెండవ దెబ్బ విడిగా కొడతారు. రెండు దెబ్బలూ ఒకేనాడు కొట్టే ఆచారం లేదు. మొదటి దెబ్బ గుట్ట దిగదు. రెండవది ఊరంతా వినిపిస్తుంది. అది విన్నప్పుడు కంబాలదిన్నె వారు చేతిలో పని ఆపి గుట్ట వైపు తిరిగి దండం పెడతారు. ఎవరిదో, ఏ కష్టమో వారికి తెలియదు. తీరిందని మాత్రం తెలుస్తుంది.