అంచు మాసిన పుస్తకం

"మాస్టారూ, నంబర్ థియరీకి అన్నిటికన్నా మంచి పుస్తకం ఏదండీ?"

భాష్యం మాస్టారు ఈ ప్రశ్న ఏటేటా వింటూనే ఉన్నారు. అడిగే మొహాలు మారతాయి గానీ ప్రశ్న మారదు. రిటైరయ్యాక కూడా రోజూ మధ్యాహ్నం లెక్కల డిపార్ట్‌మెంట్ లైబ్రరీకి వచ్చి కూర్చుంటారు కదా, ఆ పాపానికి ఇది తప్పడం లేదు. ఈసారి అడిగింది ఉజ్వల అనే పరిశోధక విద్యార్థిని. అర్హత పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది. వచ్చే నెల కూడా తప్పితే సీటు పోతుంది, మళ్లీ ఊరికెళ్లి ట్యూషన్లు చెప్పుకోవడమే గతి. ఆ భయంతో పాపం ఆ పిల్లకు తిండి కూడా సయించడం లేదు.

"ఇప్పటిదాకా ఏవి చదివావమ్మా?" అన్నారాయన, కళ్లజోడు తీసి నుదురు నొక్కుకుంటూ.

గడగడా చెప్పుకుపోయింది. బీరువాలో ఉన్న పాత, పేరున్న పుస్తకాలన్నీ వచ్చేశాయి. ఒకటి మరీ క్లుప్తమట, ఒకదాంట్లో లెక్కలకు జవాబులు లేవట, ఇంకోదాని అచ్చు కంటికి ఆనదట. అయ్యో రామా, ప్రతిదానికీ ఏదో ఒక వంక! ప్రధాన సంఖ్యలకు అంతులేదన్న ఋజువు మాత్రం అన్నిట్లోనూ చదివింది. అది అన్నిట్లోనూ మొదట్లోనే ఉంటుంది మరి.

మాస్టారు వాదించలేదు. అంత ఓపిక ఆయనకు ఏనాడో పోయింది. "వాటిని దించి, కాగితాల అంచు మనవైపుండేలా బల్లమీద పేర్చు," అన్నారు.

పేర్చింది. ప్రతి పుస్తకానికీ మొదటి కాసిని పేజీల అంచు చేతిమురికికి నల్లబడి ఉంది. ఆ తరవాతంతా తెలుపే, కొన్ననాడు ఎలా ఉందో అలాగే. ఉజ్వల మొహం చిన్నబోయింది. ఆ నలుపులో తన వేళ్లదీ ఉందని ఆమెకు తెలుసు.

ఒక్క పుస్తకం మాత్రం వేరుగా ఉంది. అచ్చు ఆనదని తను వదిలేసింది అదే. అంచు మొదటినుంచీ మాసి ఉంది, నడిమధ్య ఒకచోట మరీ నల్లగా ఉంది. తెరిస్తే దానంతటదే అక్కడ తెరుచుకుంది. ఒకే ఒక్క సిద్ధాంతం. పక్కన పెన్సిల్‌తో రాసి చెరిపి, రాసి చెరిపి, కాగితం పలచబడిపోయింది.

"ఎవరో పాపం ఇక్కడే ఇరుక్కుపోయారండీ," అంది ఉజ్వల. "చివరికి అర్థమైందంటారా?"

మాస్టారు పుస్తకం అందుకుని, నలిగిన ఆ పేజీని అరచేత్తో సాపు చేశారు.

"కొంత అయిందమ్మా. మిగతాదాని కోసమే రోజూ వస్తున్నాను. కుర్చీ ఇటు లాక్కో."