ఓబులేసు సగం విన్న బడి కబురు

వాగు ఒడ్డున ఇప్పచెట్ల కింద జంతువుల పిల్లలకి ఒక బడి ఉండేది. అక్కడ పంతులమ్మ తాబేలు కూర్మమ్మ. ఆవిడకి కోపం రాదు, తొందర అసలే రాదు, చెప్పిందే మళ్ళీ చెప్పమన్నా విసుగు రాదు. ఆ బడికి ఒకటే కట్టుబాటు. ఆవరణలో ఎవరూ ఎవరినీ తినకూడదు, తినాలనున్నట్టు చూడనూ కూడదు. దాని పుణ్యమా అని మేకపిల్లలూ నక్కపిల్లలూ పక్కపక్కనే కూచుని పాఠాలు చెప్పుకునేవి.

ప్రతి శనివారం పొద్దు వాలే వేళకి తల్లిదండ్రులంతా ఆ చెట్ల కింద చేరేవాళ్ళు. గోరింక వచ్చి ఎద్దు ఈరన్న వీపు మీద వాలి, ఆ వారం బడిలో ఏం జరిగిందో, వచ్చే వారం ఏం జరగబోతోందో, పిల్లల చేత ఇంటి నుంచి ఏం పంపాలో గొంతెత్తి చెప్పేది. ఈరన్న వీపే ఎందుకంటే, అతను కదలడు. ఈగలు ముసిరినా సరే, కబురు పూర్తయ్యేదాకా తోక కూడా ఆడించకుండా నిలబడేవాడు పాపం.

అందరికంటే ముందొచ్చి అందరికంటే ముందే వెళ్ళిపోయేవాడు నక్క ఓబులేసు. అతనికి కావలసింది ఒక్క మాట, తన కొడుకు తుర్రుగాడి పేరు. అది చెవిన పడిందా, మీసాలు సవరించుకుని, నలుగురి వంకా ఓసారి చూసి, తోక ఊపుకుంటూ ఇంటిదారి పట్టేవాడు.

"ఉండన్నా, కబురింకా అవలేదు" అనేది మేక ఎంకటమ్మ.

"మావాడి సంగతి అయిపోయిందిగా చెల్లెమ్మా. మిగతాదంతా మీ పిల్లల గోల, నాకెందుకు?"

గోరింక నోట ఆ పేరు ఊరికే వచ్చేది కాదు లెండి. దొన్నె కుట్టుకు రమ్మని పంతులమ్మ చెబితే ఓబులేసే కుట్టేవాడు. రంగు రాళ్ళు ఏరుకు రమ్మంటే ఎండలో పడి తనే ఏరుకొచ్చేవాడు. "నేను చేస్తా నాన్నా" అని తుర్రుగాడు చుట్టూ తిరిగేవాడు.

"నువ్వు చేస్తే వంకరగా వస్తుందిరా. వంకర దొన్నె గురించి గోరింక చెబుతుందా? పక్కకి జరుగు."

తుర్రుగాడు పక్కకి జరిగేవాడు. అది మాత్రం వాడికి బాగా వచ్చింది.

వానలు వెనకబట్టి, అవతలి గుట్ట మీద సీతాఫలాలు పండే రోజులొచ్చాయి. ఒకనాడు కూర్మమ్మే తల్లిదండ్రుల్ని పిలిచి చెప్పింది. "పై శనివారం కాక ఆ పై శనివారం పిల్లల్నీ మిమ్మల్నీ గుట్టకి తీసుకెళ్తున్నా. రాత్రికి అక్కడే మకాం. మధ్యలో వాగు దాటాలి. రాళ్ళ మీద దారి పిల్లలకి నేర్పిస్తున్నా."

పిల్లలు ఎగిరి గంతేశారు. ఈరన్న కొడుకు మల్లిగాడైతే గంతేయబోయి బోర్లా పడ్డాడు. వాడు నడిస్తేనే కాళ్ళు తడబడతాయి. ఇప్పటిదాకా సీతాఫలం అన్నది కళ్ళ చూడలేదు. అప్పటి నుంచీ ఇంట్లో కుడితి కూడా తాగకుండా ఒకటే పాట, గుట్ట, గుట్ట, గుట్ట.

ఆనాడు వాడు బోర్లా పడటం చూడగానే ఓబులేసు బుర్రలో పురుగు తొలిచింది. మల్లిగాడు వాగు దగ్గర ఆగిపోయి తుర్రుగాడు ముందు దాటితే, ఆ శనివారం గోరింక నోట ఇంకో మాట ఉంటుందా?

"పంతులమ్మా, ఒక్క మాట" అన్నాడు వినయంగా. "అందరి మంచికే చెబుతున్నా. వాగు దాటలేని వాళ్ళని గుట్టకి రానివ్వకండి. ఒకరి కోసం అందరూ ఆగిపోతే ఎలా? ముందే కట్టుబాటు చేసేస్తే తర్వాత ఎవరూ బాధపడరు."

ఈరన్న మెడ వాలిపోయింది. "ఓబులేసు బావా, మావాడు చిన్నవాడు..."

"చిన్నా పెద్దా చూస్తే కట్టుబాటెట్లా అవుతుంది బావా?"

కూర్మమ్మ తల కొంచెం లోపలికి లాక్కుని ఆలోచించి, మళ్ళీ బయటికి తీసింది. "చిన్నా పెద్దా చూడొద్దంటావు. సరే, అట్లాగే కానీ. అందరూ విన్నారుగా?"

విన్నారు. ఓబులేసు ఆ సాయంత్రమే వాగు దగ్గరికి పోయి, ఏ రాయి గట్టిదో ఏ రాయి జారుతుందో తొక్కి చూసుకున్నాడు. ఇంటికొచ్చి కొడుకుని ముందు కూచోబెట్టాడు. "మొదట నల్లబండ. దాని మీంచి దిగువకి, పలకరాయి మీదికి. అక్కణ్ణుంచి ఒడ్డు. చెప్పు."

తుర్రుగాడు చెప్పాడు. వాడు పడుకునేదాకా ఓబులేసు చెప్పించాడు.

ఆ వారం మధ్యలో కుండపోతగా వాన పడింది. వాగు పొంగి, మళ్ళీ తగ్గింది. శనివారం గోరింక వచ్చి ఈరన్న వీపు మీద వాలింది. "ముందుగా ఈ వారం వానపాట అందరికంటే బాగా పాడింది తుర్రుగాడు..."

అంతే, ఓబులేసు లేచాడు.

"ఇవాళైనా ఉండన్నా!" అంది ఎంకటమ్మ.

"అయిపోయిందమ్మా, అయిపోయింది." వెనక గోరింక గొంతు వినిపిస్తూనే ఉంది. వాన అంటోంది, వాగు అంటోంది, కళ్ళు అని కూడా ఏదో అంటోంది. ఓబులేసు చెవులు అప్పటికే ఇంటికి చేరుకున్నాయి.

వారం రోజులూ తుర్రుగాడు ఏదో చెప్పాలని చూశాడు. "నాన్నా, వాగులో దారి..."

"నాకు చెప్తావేరా? నీకు నేర్పిందెవరు? నోర్మూసుకుని నేను చెప్పింది అప్పజెప్పు."

వాడు అప్పజెప్పాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ, ఓబులేసు దిగువ, పలకరాయి అనే మాటలే చూసుకుంటున్నాడు.

ప్రయాణం రోజు పొద్దున్నే అందరూ వాగు దగ్గర చేరేసరికి పిల్లలూ కూర్మమ్మా అవతలి ఒడ్డున ఉన్నారు. ఇవతల పెద్దవాళ్ళంతా మోదుగాకులు తెచ్చుకుని ఒకరి కళ్ళకొకరు కట్టుకుంటున్నారు.

"ఇదేం చోద్యం?" అన్నాడు ఓబులేసు.

"శనివారం చెప్పారు కదన్నా!" అంది ఎంకటమ్మ. "మన కళ్ళకి ఆకులు కట్టుకోవాలి, పిల్లలు అవతల నుంచి దారి చెబుతారు, మనం నడవాలి. నువ్వు ఆకు తెచ్చుకోలేదా? ఇదుగో, నా దగ్గర ఒకటి ఎక్కువుంది."

ఓబులేసు నవ్వుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ఏం, దారి తన కాళ్ళకే తెలుసు. పిల్లలు వాగెట్లా దాటారో కూడా అతనికి అనుమానం లేదు. పంతులమ్మ వీపు మీద ఎక్కించుకుని దాటించి ఉంటుంది.

ముందు ఈరన్న దిగాడు. అవతల మల్లిగాడు నిదానంగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు. "నాన్నా, నల్లబండ... అదే. ఇప్పుడు ఎగువకి... కాలు ఇంకా చాపు... ఆ, దొరికింది!" ఈరన్న కొడుకు చెప్పిన చోటల్లా కాలు పెట్టుకుంటూ ఒడ్డెక్కేశాడు. ఎంకటమ్మ కూడా దాటింది.

'ఎగువకా?' అనుకున్నాడు ఓబులేసు. 'ఎద్దు కాబట్టి నీళ్ళల్లో నడిచినా పోయేదేం లేదు. నా పలకరాయి నాకుంది.'

కళ్ళకి ఆకు కట్టుకుని నల్లబండ మీదికి ఠీవిగా దూకాడు. అవతల నుంచి తుర్రుగాడి గొంతు వినిపించింది. "నాన్నా, ఎగువకి! ఎగువకి దూకు!"

ఓబులేసుకి ఒళ్ళు మండింది. ఇన్ని రోజులు నూరిపోసినా నలుగురిలో తప్పు చెబుతున్నాడే!

"దిగువకిరా వెధవా!"

"కాదు నాన్నా! పలకరాయి లేదు! నా మాట విను నాన్నా, ఒక్కసారి విను!"

ఓబులేసు దిగువకి దూకాడు.

అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. బుడుంగుమని మునిగి, తేలి, మళ్ళీ మునిగి, ఇంత తోకా తడిసి బరువెక్కి, మోదుగాకు మూతికి అంటుకుపోయి కొట్టుకుపోతుంటే ఈరన్నే వాగులో దిగి కొమ్ముతో ఎత్తి ఇవతలి ఒడ్డున పడేశాడు. అవతల తుర్రుగాడు "నాన్నా! నాన్నా!" అని ఏడుస్తున్నాడు.

నీళ్ళన్నీ కక్కి, ఓబులేసు లేచి కూచున్నాడు. "పర్లేదు పర్లేదు. ఇంకోసారి దాటుతా."

"అక్కర్లేదు ఓబులేసూ" అంది కూర్మమ్మ అవతలి నుంచి. "వాగు దాటలేని వాళ్ళు రాకూడదు కదా."

"అది నేను పిల్లల గురించి అన్నాను!"

"చిన్నా పెద్దా చూడొద్దని కూడా నువ్వే అన్నావు. తుర్రుగాడు దాటాడు, వస్తాడు. ఈరన్న చూసుకుంటాడు."

ఓబులేసు ఈరన్న వంక చూశాడు. ఈరన్న మళ్ళీ అవతలి ఒడ్డెక్కాడు. తుర్రుగాణ్ణి మల్లిగాడి పక్కన నడిపించుకుంటూ వెళ్ళాడు. తుర్రుగాడు మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, "నీకు పళ్ళు తెస్తాలే నాన్నా!" అని అరిచాడు. ఆ మాట ఓబులేసుకి వాగునీళ్ళ కంటే చల్లగా తగిలింది.

సాయంత్రమయ్యేసరికి ఓబులేసు ఇప్పచెట్ల కింద చేరాడు. శనివారం కదా, గోరింక వచ్చింది. వచ్చే ఏడు పిల్లల్ని బడిలో వేయబోయే కుందేళ్ళు అప్పటికే చెట్ల కింద కూచుని ఉన్నాయి. గోరింక అటూ ఇటూ చూసి, "ఈరన్న గుట్ట మీదున్నాడుగా" అంటూ వచ్చి ఓబులేసు వీపు మీద వాలింది. "కదలకు. కదిలితే కబురు మొదటి నుంచీ చెప్పాల్సొస్తుంది."

ఓబులేసు కదల్లేదు. దోమలు కుట్టినా కదల్లేదు. గోరింక మల్లిగాడి గురించి చెప్పింది, ఎంకటమ్మ పిల్లల గురించి చెప్పింది, వచ్చే వారం పంపాల్సిన చింతగింజల గురించి చెప్పింది. తుర్రుగాడి పేరు ఎంతకీ రాదే!

"మావాడి సంగతేం లేదా?" అన్నాడు ఉండబట్టలేక.

"వాడి సంగతి పోయిన వారమే చెప్పాను కదయ్యా. వానకి పలకరాయి కొట్టుకుపోయి పిల్లలంతా బిక్కమొహాలు వేస్తే, తుర్రుగాడే ముందు దిగి, ఎగువన కొత్త రాయి వెతికి అందరికీ దారి చూపించాడని. ఎవరి సాయమూ లేకుండా వాడంతట వాడే చేశాడని పంతులమ్మ ప్రత్యేకంగా చెప్పమంది. అందరూ విన్నారే! నువ్వెక్కడున్నావ్?"

ఓబులేసు గుట్ట వైపు చూశాడు. కదలకుండానే, "ఆ ముక్క ఇంకోసారి చెబుతావా?" అని అడిగాడు.

తన బిడ్డ పేరు దాకా విని లేచిపోయేవాడికి, ఆ బిడ్డ గొప్పతనం అందరికంటే ఆఖర్న తెలుస్తుంది.